తప్పాల్సిన పరీక్ష

మెల్‌బోర్న్‌లో టీచింగ్ కోర్సు చదివే రోజుల్లో, ప్లేస్‌మెంట్‌కి, అంటే బడిలో శిక్షణకి, నన్ను ఎక్కడ వేశారో చెప్పగానే యూనివర్సిటీలో తోటివాళ్ళు మొహాలు అదోలా పెట్టారు. "పాపం, ఆ బడా!" అందొకమ్మాయి. నాకసలే ముక్కు మీద కోపం. "ఏం, అక్కడి పిల్లలు కరుస్తారా?" అని కసిరాను. పిల్లలు కరవలేదు. ఐదేళ్ళ పిల్లలు, బంగారాలు. కానీ ఆ చలికాలం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం ఈ రోజుకీ తేలలేదు.

నగరం అంచున ట్రుగనీనాలో, గోడౌన్ల వెనక కొత్తగా వేసిన ఇళ్ళ ఎస్టేట్‌లో ఉండేది ఆ బడి. ఇళ్ళు లేచినంత వేగంగా బడి లేవలేదు. చిన్న తరగతులన్నీ పోర్టబుల్ గదుల్లో నడిచేవి. ఇనుప మెట్లెక్కి లోపలికి పోవాలి, గాలి గట్టిగా వీస్తే గది మొత్తం ఊగేది. పిల్లల్లో సగం మంది మన దేశంవాళ్ళే, మిగతావాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. టీచర్లు మాత్రం నిలిచేవారు కాదు. నా క్లాసుకి ఏడాది మొదట్లో వచ్చినావిడ కాన్పుకి వెళ్ళింది, తర్వాత వచ్చినాయన ఇంకో బడిలో పర్మనెంట్ దొరికిందని వెళ్ళిపోయాడు, ఆపైన ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు. వచ్చిన ప్రతివాళ్ళూ "వీళ్ళకేం వచ్చో నాకేం తెలుసు" అని మొదటి అక్షరం నుంచే అందుకునేవారు. అక్కడ మొదటి అక్షరం 'ఎస్'. పాము బొమ్మ గీయడం, బుస్సుమనడం. సంవత్సరంలో సగం పైగా గడిచినా ఆ పిల్లలకి పాము వచ్చినంత బాగా ఇంకేదీ రాలేదు. నేను వెళ్ళిన మొదటిరోజు కూడా పామే. కార్పెట్ మీద కూర్చున్న పిల్లలు "నాట్ ద స్నేక్ అగైన్!" అని మూలిగారు. నాకు నవ్వొచ్చింది. ఆ సాయంత్రం ట్రైన్‌లో మళ్ళీ గుర్తొస్తే నవ్వు రాలేదు.

నాకు మెంటర్‌గా ఇచ్చిన టీచర్ అప్పటికే రిటైరైన మనిషి. ఎవరూ దొరక్క బతిమాలి పిలిపించారు. నడుంనొప్పి, విడవని దగ్గు, చిన్నాపెద్దా అందరినీ "లవ్" అని పిలిచే అలవాటు. చెడ్డమనిషి కాదు. అలిసిపోయింది, అంతే. ఒక పిల్ల షూ లేసు కడుతుంటే ఇంకోడు పెయింటు ఒలకబోసేవాడు, అది తుడుస్తుంటే మరొకళ్ళు ఏడుపు. పొద్దున్న తొమ్మిదింటికే ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చేది. పాఠం ఎప్పుడు చెబుతుంది?

స్టాఫ్‌రూమ్‌లో ఒక గోడ ఉండేది. ప్రతి పిల్ల ఫోటోకీ వెనక అయస్కాంతం అంటించి, చదువులో ఎంత ఎత్తుకి వచ్చారో అంత ఎత్తులో ఆ గోడ మీద పెట్టేవారు. బడి ఫలితాలు బాగా లేవని పైనుంచి మాటపడింది, త్వరలో విద్యాశాఖ పెద్దలొచ్చి చూస్తారు. దాంతో ప్రిన్సిపల్ రోజూ టీ కప్పు పట్టుకుని ఆ గోడ ముందు నిలబడేది, పెళ్ళిచూపులకి పిల్లని చూసినట్టు. మా క్లాసు ఫోటోలన్నీ కింద గుంపుగా పడి ఉంటే ఒక్కటి మాత్రం పైన ఉండేది. నూనె రాసి బిగించిన రెండు జడలు, ముందు పళ్ళలో ఒకటి లేదు. తెలుగు పిల్ల! నాకు ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. అంతా నేనే నేర్పినట్టు ఫీలైపోయాను.

ఆ బడిలో పిల్లలకి రోజూ ఒక పల్చటి పుస్తకం సంచిలో పెట్టి ఇంటికి పంపేవారు. ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి వినిపించి మర్నాడు తేవాలి. టీచర్ ఒకసారి చదివించుకుని, తప్పుల్లేకపోతే పై మెట్టు పుస్తకం ఇస్తుంది. మా తెలుగు పిల్ల పుస్తకం చదివించే పని ఒకరోజు నాకు పడింది. నా పక్కన కూర్చుని, వేలు కింద పెట్టి, గడగడా చదివింది. ఎక్కడా తడబడలేదు. ఒక కుక్క కథ అది. మధ్యలో జామ్ అంటుకుని రెండు కాగితాలు కలిసిపోయాయి. పిల్ల రెండింటినీ కలిపే తిప్పేసింది. తిప్పేసి, కనిపించని పేజీలో ఉన్నదంతా తప్పు లేకుండా చెప్పుకుపోయింది. బొమ్మలో కుక్క నీళ్ళలో ఈదుతోంది. పిల్ల నోట్లో అది ఇంకా మంచం కింద నిద్రపోతోంది. వేలు మాత్రం ఒక్కో మాట కింద చక్కగా జరుగుతోంది.

పలక మీద 'డాగ్' అని రాసి, "ఇదేంటమ్మా?" అన్నాను. ఆ కథంతా కుక్కే కదా. పిల్ల పలక వైపు చూడలేదు, నా నోటి వైపు చూసింది. నేను మాట్లాడకపోయేసరికి, "యూ సే ఇట్ ఫస్ట్, మిస్," అంది, ఎంతో మర్యాదగా.

ఒక్క మాట చదవడం రాదు ఆ పిల్లకి. పాము తప్ప ఒక్క అక్షరం రాదు. గోడ మీద అందరికంటే పైన ఉంది!

సంగతేంటో వాళ్ళమ్మ దగ్గర తెలిసింది. సాయంత్రం గేటు దగ్గర నా మొహం చూసి, "వందనాలండీ, తెలుగువాళ్ళా?" అని పలకరించింది. రేపల్లె వైపు మనిషి. భార్యాభర్తలిద్దరికీ గోడౌన్‌లోనే పని, ఒకరు పగలు, ఒకరు రాత్రి. ఆదివారం హాలు అద్దెకి తీసుకుని తెలుగువాళ్ళు ఆరాధన పెట్టుకుంటే, అక్కడి సండే స్కూలు ఈవిడే చూసుకునేది. పాప బాగా చదువుతోందని బడిలో అంటున్నారని నేను మొదలుపెట్టానో లేదో ఆవిడ మొహం వెలిగిపోయింది.

"దేవుని కృప సిస్టర్. సండే స్కూల్లో కంఠత వాక్యం ఎట్టా నేర్పిస్తామో ఇదీ అట్టానే. నేనో ముక్క చెప్తా, అది చెప్పిద్ది. మళ్ళీ చెప్తా, మళ్ళీ చెప్పిద్ది. పడుకునేలోపు పుస్తకం మొత్తం నోటికొచ్చేయాల్సిందే. ఒక్క మాట పోయినా ఊరుకోను నేను!"

"మరి అక్షరాలు, అక్కా?" అన్నాను.

"అయ్యి బడిలో చెప్తన్నారుగా?" అంది ఆశ్చర్యంగా.

నేను మాత్రం ఎక్కాలు ఎలా నేర్చుకున్నాను, పద్యాలు ఎలా నేర్చుకున్నాను? అర్థం తెలియకముందే అన్నీ నోటికొచ్చేశాయి. కాకపోతే మాకు ఇంకో పక్క పలక ఉండేది, మా మాస్టారు వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించేవారు. నోటిపని నోటిదే, కంటిపని కంటిదే. ఈ పిల్లకి కంటిపని చేయించినవాళ్ళు లేరు. అక్షరాలు బడి చూసుకుంటుందని అమ్మ నమ్మింది. ఇంత బాగా చదివే పిల్లకి అక్షరాలు ఇంట్లో వచ్చేసి ఉంటాయని బడి నమ్మింది. ఇద్దరి మధ్యా పిల్ల హాయిగా నవ్వుతూ తిరుగుతోంది.

ఆ బడిలో నిజంగా పనికొచ్చేది ఒకటే ఉండేది. పాత స్టోరు గది ఖాళీ చేసి అందులో ఒక టీచర్ రోజూ పొద్దున్న కొద్దిమంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని, మైనం ముద్దలతో అక్షరాలు చేయిస్తూ చదవడం నేర్పేది. పిల్లలందరూ దాన్ని 'లిటిల్ రూమ్' అనేవారు. అక్కడికెళ్ళిన పిల్లలకి చదువొస్తోంది, నా కళ్ళారా చూశాను. కానీ కుర్చీలు తక్కువ. పైగా అది బడిలో ఈ మొదటి ఏడాది, ప్రెప్ పిల్లలకే, వచ్చే ఏడు ఫస్ట్ గ్రేడ్‌కి వెళ్ళాక ఎవరూ పట్టించుకోరు. అదృష్టం కొద్దీ ఒక కుటుంబం దూరంగా క్రాన్‌బర్న్‌కి ఇల్లు మారడంతో అప్పుడే ఒక కుర్చీ ఖాళీ అవుతోంది. ఆ కుర్చీ ఈ పిల్లకి దొరికితే సరే. దొరక్కపోతే, వచ్చే ఏడు పెద్ద పుస్తకాలు వస్తాయి, అన్నీ నోటికి పట్టవు, అప్పుడు ఈ నవ్వుమొహం ఏమవుతుందో నాకు తెలుసు.

లంచ్ టైమ్‌లో మెంటర్‌కి అంతా చెప్పాను, జామ్ కాగితాలతో సహా. ఆవిడ దగ్గి, "నాకూ అనుమానంగానే ఉంది, లవ్," అంది. ఒళ్ళు మండిపోయింది నాకు. అనుమానముంటే ఇన్నాళ్ళూ నోరు కుట్టుకుని కూర్చోవడమేంటి! కానీ నేనెవర్ని? స్టూడెంట్‌ని. నా పాస్ మార్కు ఆవిడ సంతకంలో ఉంది. "అందరికంటే పైనున్న పిల్లకి ఆ కుర్చీ ఇమ్మని నేనెలా అడగను?" అంది ఆవిడే మళ్ళీ. "అసలు పరీక్ష ఒకటుంది. పిల్లలు ఎప్పుడూ చూడని పుస్తకం ఇచ్చి చదివిస్తాం. అందులో తప్పితే ఫోటో కిందికి దించొచ్చు, కుర్చీ అడగొచ్చు. పెద్దలొచ్చే ముందు ఫోటో దించితే ప్రిన్సిపల్ నన్ను నమిలేస్తుంది." నేను వదల్లేదు. సాయంత్రం దాకా వెనకే తిరిగి సతాయించాను. చివరికి, "సరే లవ్, సోమవారం," అంది.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మొదటిసారి నా వల్ల ఏదో జరగబోతోంది అనుకున్నాను.

శుక్రవారం గేటు దగ్గర వాళ్ళమ్మని పక్కకి పిలిచి విషయం చెప్పాను. పుస్తకం ఏదో నేను చెప్పలేదు, నాకూ తెలియదు. శని ఆదివారాలు పాపకి ఏమీ నేర్పొద్దనీ, హాయిగా ఆడుకోనివ్వమనీ, సోమవారం పరీక్షలో తడుముకుంటే తడుముకోనివ్వాలనీ చెప్పాను.

"ఫెయిలవ్వాలంటారా?" అంది ఆవిడ.

"అవునక్కా. ఫెయిలైతేనే ఆ చిన్న గదిలో సీటొస్తుంది."

"ఫెయిలైతే సీటేంది సిస్టర్? సీటు రావాలంటే పాసవ్వాల గదా!"

"ఇక్కడ అట్టా కాదక్కా. రానివాళ్ళకే ఆ సీటు. పాపకి నోటికి వచ్చింది కానీ చదవడం రాలేదు. అది బడికి తెలియాలి. తెలిస్తే నేర్పుతారు."

పక్కన పాప, "లిటిల్ రూమ్? ఫర్ మీ?" అని కళ్ళింత చేసుకుని వాళ్ళమ్మ చున్నీ పట్టుకుని ఊగుతోంది. తెలుగు అర్థమవుతుంది దానికి, జవాబే ఇంగ్లీషులో వస్తుంది.

"సరే సిస్టర్. ప్రార్థన చేసుకుంటాం," అంది వాళ్ళమ్మ.

ఆ మాటకే నాకు అనుమానం రావాల్సింది. ఫెయిలవ్వాలని ప్రార్థన చేసే తల్లిని నేనెక్కడైనా చూశానా? రాలేదు. హాయిగా ఇంటికెళ్ళి, ఇల్లు పంచుకున్న అమ్మాయిలతో కలిసి పప్పుచారు పెట్టుకుని తిని పడుకున్నాను.

సోమవారం పాప కొత్త రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. జడలు మరింత బిగించారు, కనుబొమ్మలు పైకి లేచాయి. మెంటర్ బీరువా తాళం తీసి పరీక్ష పుస్తకం తెచ్చింది. ఒక కోడి, దాని గుడ్డు పోవడం, పెరడంతా వెతకడం, అదీ కథ. నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. పాప పుస్తకం తెరిచింది, వేలు పెట్టింది, ఊపిరి పీల్చింది.

గడగడా చదివేసింది.

మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, కోడి అరిచే చోట కోడిలా అరిచింది కూడా. మెంటర్ నా వైపు చూసింది. నేను మెంటర్ వైపు చూశాను. అయ్యో తల్లీ, ఎక్కడ పట్టావే ఈ పుస్తకాన్ని!

పాప పుస్తకం మూయగానే నేను పలక మీద 'హెన్' అని రాసి చూపించాను. పాప నా నోటి వైపే చూస్తూ కూర్చుంది. మెంటర్ కూడా అది చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"చూశాను, లవ్. నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఏం రాయను? ప్రతి మాటా సరిగ్గా చెప్పిందా లేదా, ఇదొక్కటే ఈ పరీక్ష అడిగేది. చెప్పింది."

"ఇంకో పుస్తకం ఇచ్చి చూద్దాం!"

"ఈ మెట్టుకి ఇదొక్కటే ఉంది. వేరేది ఇస్తే అది లెక్కలోకి రాదు."

నేను ప్రిన్సిపల్ దగ్గరికి కూడా వెళ్ళాను. స్టూడెంట్‌ని, వెళ్ళకూడదు, వెళ్ళాను. ఆవిడ నా మాట మొత్తం విన్నది, చాలా మర్యాదగా. విని, "జ్ఞాపకశక్తి కూడా ఒక బలమే కదా," అంది. పెద్దలొచ్చినప్పుడు వాళ్ళ ముందు చదివించడానికి ఈ పాపని పంపమంది. మధ్యాహ్నానికి ఫోటో ఇంకో మెట్టు పైకెక్కింది. కుర్చీ ఇంకొక పిల్లకి వెళ్ళింది. ఆ పిల్ల బడిలో చేరినప్పటి నుంచి ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. మంచు ముద్దలా కూర్చుని ఉండేది, పాపం. ఆ పిల్లకి ఎందుకిచ్చారని గొడవ పడటానికి నాకు మొహం ఎక్కడుంది? కోపం తెచ్చుకుందామన్నా ఎవరూ దొరకలేదు. పిల్లల టాయిలెట్ల వెనక నిలబడి కాసేపు ఏడ్చాను.

సాయంత్రం వాళ్ళమ్మ గేటు దగ్గర స్టీలు డబ్బాతో సిద్ధంగా ఉంది. వేడి పలావు, మూత తీయకముందే వాసనొస్తోంది. పాప అప్పటికే పరుగెత్తుకెళ్ళి అంతా చెప్పేసినట్టుంది.

"పాసయ్యిందంట గదా సిస్టర్! మీ మేలు మర్చిపోలేను. మీరు చెప్పబట్టిగానీ పరీక్షుందని నాకెట్టా తెలిసేది!"

"అక్కా, ఆ పుస్తకం మీకెక్కడిది?"

ఆవిడ గర్వంగా చెప్పింది. పక్క క్లాసులో వాళ్ళ సంఘంవాళ్ళ పాప ఉంది. ఆ పాపకి పోయినవారమే ఇదే మెట్టు పరీక్ష అయింది. శనివారం పొద్దున్నే ఫోన్ చేసి అడిగితే కోడి కథ అని చెప్పింది. ఫోన్‌లో వెతికితే ఎవరో ఆ పుస్తకం మొత్తం బొమ్మలతో సహా చదివి పెట్టిన వీడియో దొరికింది. "ముందు నేను నేర్చుకున్నా సిస్టర్. నాకేమొచ్చు ఇంగ్లీషు? ఆపుతా, వింటా, మళ్ళీ ఆపుతా, వింటా. నాకు నోటికొచ్చినాక దానికి చెప్పా. నిన్న ఆరాధనలో కూడా చెవిలో చెప్పిస్తానే ఉన్నా. మా ఆయన ఆదివారం కూడా ఇదేంది అన్నాడు. నోర్మూసుకోమన్నా."

"ఫెయిలవ్వాలని కదా అక్కా నేను చెప్పింది?" అన్నాను.

ఆవిడ నవ్వి నా చెయ్యి పట్టుకుంది. "పిల్ల భయపడకుండా అట్టా అన్నారు. నాకు తెలియదా సిస్టర్? ఏ టీచరన్నా పిల్ల ఫెయిలవ్వాలని కోరుకుంటదా?" తర్వాత నవ్వు తగ్గించి అంది. "గోడౌన్‌లో సూపర్‌వైజర్ ఏదన్నా చెప్తే అర్థం కాకపోయినా యెస్ యెస్ అని తలూపుతా. ఏం రాసుందో తెలియకుండానే సంతకం పెడతా. ఇది అట్టా బతక్కూడదు. అంతే సిస్టర్, నాకింకేం వద్దు."

ఏ భయంతో ఆవిడ రెండు రోజులు నిద్ర మానుకుందో ఆ భయాన్నే చేతులారా తెచ్చి పిల్లకి పెడుతోందని ఆవిడకి ఏ భాషలో చెప్పాలి? తెలుగులోనే చెప్పాను కదా శుక్రవారం. నా అంత తెలుగు ఆవిడకీ వచ్చు.

పాప నా కోటు పట్టుకుని లాగింది. "మిస్, కెన్ ఐ గో టు ద లిటిల్ రూమ్ నౌ? టుమారో?"

వాళ్ళమ్మ కూడా ఆశగా చూసింది. "రేపట్నుంచేనా సిస్టర్? బట్టలేమన్నా వేరేగా పంపించాలా, మైనం అంటుద్దంటగా?"

"సీటు ఇంకో పాపకి ఇచ్చారక్కా," అన్నాను.

పాప మొహం మెల్లగా ముడుచుకుపోయింది. వాళ్ళమ్మ నన్ను చూసి, బడిని చూసి, మళ్ళీ నన్ను చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను, కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఒక్క మాట కూడా పోలేదు గదా సిస్టర్?"

"లేదక్కా. ఒక్కటీ పోలేదు."

ఆవిడ ఆలోచించింది. తర్వాత వంగి పాప ముక్కు తుడిచి, జారిన రిబ్బన్ సరిచేసి, "ఏడవొద్దు అమ్మలూ," అంది. "ఆ పాప నీకంటే పెద్ద పుస్తకం చదివుంటది. ఇవాళ్టి నుంచి మనం రోజుకి రెండు నేర్చుకుందాం. అప్పుడిస్తార్లే."

పాప కళ్ళు తుడుచుకుని, సరేనని తలూపింది.